మిల్వాకీ పెరటిలో పుట్టిన బండి

అమెరికాకు పోయివచ్చిన మనవారు న్యూయార్కు మేడలను గూర్చియు, నయాగరా జలపాతమును గూర్చియు చెప్పుట సోదరీమణులెల్లరును వినియే యుందురు. మిల్వాకీ పట్టణమును గూర్చి చెప్పినవా రరుదు. చికాగోనుండి ఉత్తరముగా గంటన్నరసేపు రైలు ప్రయాణము చేసినచో ఆ పట్టణము చేరవచ్చును. మిషిగను సరస్సు గట్టున నుండుటచే అది చూచుటకు సముద్రతీరపు టూరివలెనే యుండును. ఆవలి యొడ్డు కన్నులకు కానరాదు. కెరటములు వచ్చి రాళ్ళను కొట్టుచునే యుండును. గాలిలో ఉప్పు మాత్రము లేదు. వేసవికాలముననే ఆ గాలికి మేము చీర కొంగులు మెడచుట్టు బిగించుకొని నడిచితిమి. శీతకాలమున అచటివా రెట్లు బ్రదుకుదురో భగవంతునికే యెరుక.

మేమచ్చటికి పోవుటకు మోటారుసైకిళ్ళపై మోజు కారణము కాదు. మాలో నొక్కరికిని ఆ బండి నడుపుట తెలియదు. అంతేకాక మన యిండ్లలో దాని పేరెత్తిన చాలును, తగవు ప్రారంభమగును. కుమారుడు కావలెననును, తల్లి వలదనును, తండ్రి వార్తాపత్రిక చాటున ముఖము దాచుకొనును. హార్లీ డేవిడ్‌సన్ అను పేరు మాకును అట్టి తగవులలోనే మొదట చెవిని బడినది. ఊరెల్ల దద్దరిల్ల జేయు నా బండి యొక సంసారి యింటి పెరటిలో, ఒక మేనత్త చేతికుంచెతోడను, తేనెటీగలను పెంచుకొను నొక మామ యిచ్చిన యప్పుతోడను పెరిగినదని చదివినపుడు, ఆ యూరెట్టిదో చూడవలెనను బుద్ధి పుట్టెను.

మిల్వాకీలో మొదట మన దృష్టి నాకర్షించునది ఇటుక. అచటి మట్టి కాలినపుడు ఎరుపెక్కక మీగడరంగు తేలును. అందుచే ఆ యూరికి మీగడ పట్టణమను ముద్దుపేరు కలిగెను. 19 వ శతాబ్దమున జర్మనీనుండి వలస వచ్చినవారు ఇచట బీరు కాచు కర్మశాలలను స్థాపించిరి. పాబ్‌స్టు, ష్లిట్జు, మిల్లరు అను పేరులు ఆ దేశమంతట వ్యాపించినవి ఇచటినుండియే. అట్టి కర్మశాలలకు పీపాలు, గొట్టములు, ఆవిరియంత్రములు కావలసి యుండును గదా. వానివెంట కమ్మరులు, వడ్రంగులు, పోతపనివారు ఊర చేరిరి. ఏ వీధికి పోయినను ఇనుము కోయువాడో, కరగించువాడో యుండెడివాడు. స్త్రీలము జ్ఞప్తియందుంచుకొనదగిన దింకొకటి కలదు. టైపురైటరు అను వ్రాతయంత్రము ఈ యూర నివసించిన షోల్సు అనునతడును ఆతని మిత్రులును కల్పించినదే. దానికి 1868 వ సంవత్సరమున పేటెంటు లభించెను. ఆ యంత్రము ఎందరో స్త్రీలకు కచేరీల తలుపులు తెరచినది. మోటారుసైకిలు వీధి తలుపు తెరచినదో లేదో ముందు చూతము.

ఈ యూర విలియం హార్లీ 1880 లోను, ఆర్థర్ డేవిడ్‌సన్ 1881 లోను జన్మించిరి. హార్లీ తల్లిదండ్రులు ఇంగ్లాండునుండియు, డేవిడ్‌సన్ వంశమువారు స్కాట్లాండునుండియు వచ్చి స్థిరపడినవారు. రెండు కుటుంబములును కాయకష్టముచే జీవించునవే. హార్లీ కర్మశాలలో యంత్రముల పటములు గీయుచుండెను. ఆర్థర్ పోతపనికి వలయు కొయ్యనమూనాలు చెక్కుచుండెను. 1901 లో హార్లీ, సైకిలుకు తగిలింపదగిన యొక చిన్న యింజనుకు పటము గీసెను. స్నేహితు లిరువురును తీరికవేళల కూర్చుండి రెండేండ్లు శ్రమించి దానిని నిర్మించిరి. తీరా చూడగా, మిల్వాకీలోని మెట్టలు వచ్చినప్పుడు ఆ బండి చతికిలబడెను. ఎక్కినవాడు సైకిలువలె త్రొక్కిననే గాని పైకి పోదాయెను. వారు నిరాశపడక, ఆ యింజనును ప్రక్కన పెట్టి, దానికి మూడురెట్లకు మించిన పెద్ద యింజనును, దాని బరువునకు తాళగల కొత్త చట్రమును గీసికొనిరి. మొదటి బండికి పెట్రోలును గాలితో కలుపు భాగమును టమేటా డబ్బాతో చేసిరని యొక కథ చెప్పుకొందురు. నిజమెంతయో గాని, వంటయింటి డబ్బాలు కనుపించకపోవుట ఆడుబిడ్డల పనియే యని తల్లులు అనుకొనుచుండగా మగపిల్లలు చేయు పను లిట్టివి.

ఇక పెరటి కొట్టము కథ. డేవిడ్‌సన్ సోదరుల తండ్రి వడ్రంగి. ఇంటిలో ఇనుపముక్కలు, నూనె మరకలు మితిమీరగా, ఆయన పెరటిలో 10 అడుగుల వెడల్పును 15 అడుగుల పొడవును గల యొక కొయ్య కొట్టమును కట్టి యిచ్చెను. మనయిండ్లలో పశువుల గడ్డి వేసికొను పాకయైనను అంతకంటె పెద్దదిగా నుండును. దాని తలుపుపై ‘హార్లీ డేవిడ్‌సన్ మోటారు కంపెనీ’ అని వ్రాసిరి. ఆస్తి యావత్తును ఆ తలుపే!

ఆర్థర్ తన యన్నయగు వాల్టరుకు జాబు వ్రాసెను. వాల్టరు అప్పుడు దూరమున కాన్సాసు రాష్ట్రమున రైలు కర్మశాలలో యంత్రపు పనివాడుగా నుండెను. పెద్దన్నగారగు విలియం వివాహమునకు వచ్చినపుడు, తాము చేసిన బండి నెక్కించెదమని తమ్ముడు ఆశపెట్టెను. పెండ్లికి వచ్చిన వాల్టరు చూచునప్పటికి బండి ముక్కలు ముక్కలుగా నుండెను. తానే కూర్చుండి దానిని బిగించుకొనవలసి వచ్చినదట. ఆతడు మరల కాన్సాసులో నిలువలేదు. మిల్వాకీలోనే పని కుదుర్చుకొని తమ్ముని జత చేరెను. కొంతకాలమునకు పెండ్లికొడుకగు విలియమును అందు చేరెను. ఆయన రైలు కర్మశాలలో పనిముట్ల గదికి పెద్దయై యుండుటచే, ఆ చేరిక చాల మేలైనది. ఆవిధముగా హార్లీ యొక్కడును డేవిడ్‌సన్ సోదరులు మువ్వురును, మొత్తము నలువురైరి. కంపెనీ కచేరీలలోను పుస్తకములలోను కనుపించు పాత చాయాపటమున ఈ నలువురే యుందురు.

ఆ పటమున లేని వ్యక్తియే మేనత్త జానెట్ డేవిడ్‌సన్. మొదటి బండ్ల పెట్రోలు తొట్టిపై ‘హార్లీ డేవిడ్‌సన్’ అను నక్షరములను, వానిచుట్టును సన్నని చారలను కుంచెతో దిద్దినది ఈమె. ఇంటి గడపకు పసుపు కుంకుమలు పెట్టి ముగ్గు దీర్చు మన స్త్రీలకు ఆ పని యెట్టిదో వేరుగ చెప్ప నక్కరలేదు. చేయి వణకిన గీత చెడును. ఇనుముపై రంగు ఒకసారి జారిన మరల దిద్దుట కష్టము. ఆ పేరు నేడు కోట్లకొలది ద్రవ్యమునకు విలువగల వ్యాపారచిహ్నము. చొక్కాలపై అచ్చువేసికొందురు, కొందరు చేతులపై పచ్చపొడిపించుకొందురు. దానిని బండిపై మొట్టమొదట వ్రాసిన చేయి జీతమునకు కుదిరినది కాదు. కంపెనీ చరిత్రములలో ఆమెను గూర్చి ఒకటి రెండు వాక్యములకు మించి కానరాదు. ఆమె యే వేళ రంగు వేయుచుండెనో, ఏమనుకొనుచుండెనో వ్రాసి పెట్టినవారు లేరు. ఈ కుటుంబపు కథలను తరువాతికాలమున పుస్తకములుగ వ్రాసి నిలిపినదియు ఒక స్త్రీయే, వాల్టరు మనుమరాలగు జీన్ డేవిడ్‌సన్.

తేనెటీగల మామ పేరు జేమ్సు మెక్‌లే. పిల్లలందరు నాయనను తేనె మామ యని పిలుచుచుండిరి. కొట్టము చాలక, 1906 లో చెస్టునట్ వీధిలో 28 అడుగుల వెడల్పు, 80 అడుగుల పొడవు గల కర్మశాల కట్టుటకు పూనుకొనినపుడు, తాను కూడబెట్టినది ఆయన అప్పుగా నిచ్చెను. ఆ వీధినే తరువాత జూనో వీధి యనిరి. మేమా వీధిని నడిచి చూచితిమి. తరువాతి కాలమున కట్టిన ఎర్రయిటుకల ఆరంతస్తుల కట్టడము వీధి పొడవునను నిలిచియున్నది. ఆ 1906 వ సంవత్సరమున నలువురును కలిసి చేసినవి 50 బండ్లు మాత్రమే. మరుసటి యేట కంపెనీని చట్టప్రకారము నమోదు చేసికొనిరి, వాల్టరు అధ్యక్షుడాయెను. ఈ నడుమ హార్లీ మాడిసనులోని విశ్వవిద్యాలయమునకు పోయి, విద్యార్థుల భోజనశాలలో వడ్డన చేసి ఆ జీతముతో యంత్రశాస్త్రము చదువుకొనెను.

ఇచట మాకు వింతగ దోచిన సంగతి యొకటి. ఈ బండి మొదటి దినములలో పేరు పొందినది శబ్దమునకు కాదు, నిశ్శబ్దమునకు. పొగగొట్టము శబ్దము నణచునట్లు అమర్చి, బండికి బూడిదరంగు వేసి, ‘నిశ్శబ్దుడైన బూడిదరంగు నేస్తము’ అను నర్థము వచ్చు పేరుతో దానిని అమ్మిరి. గుఱ్ఱములు బెదరకుండుటయు, ఇరుగుపొరుగులు తిట్టకుండుటయు అప్పటి యోగ్యతలు. మరి నేటి యా ఘోష యెక్కడిది?

సిలిండర్లు రెండు గల యింజనును వారు 1909 లో మొదట తయారుచేసిరి. అది సరిగా కుదురక, దిద్దుకొని 1911 లో మరల తెచ్చిరి. ఆ రెండు సిలిండర్లును 45 డిగ్రీల కోణమున, చేతి వ్రేళ్ళు రెండింటిని చీల్చి పట్టినట్లుండును. రెండింటిలోని పిస్టనులును ఒకే క్రాంకు ముడికి తగిలియుండును. ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు రెండు రోకళ్ళతో దంచుట చూచినవారికి ఇది సులభముగా తెలియును. ఇద్దరును సమముగా వేసిన దంపు ఒక్క తాళమున నడచును. ఒకతె కొంచెము తొందరపడి, రెండవయామె కొంచెము తడసినచో, రెండు పోటులు దగ్గరగ పడి, పిమ్మట ఎడము వచ్చును. ఈ యింజను దంపు అట్టిది. ఒక మందుట 315 డిగ్రీలు తిరిగిన పిమ్మట, రెండవది 405 డిగ్రీలు తిరిగిన పిమ్మట జరుగును. ఆ కుంటినడకయే ఆ బండి శబ్దములోని జీవము. అభిమానులకు దానిపై ఎంత మమకారమో! 1994 లో కంపెనీవారు ఆ శబ్దమునే తమ వ్యాపారచిహ్నముగ నమోదు చేయుడని అర్జీ పెట్టుకొనిరి. ఇతర కంపెనీలవారు ఎదురుతిరుగగా ఆరేండ్లు నడిపి, 2000 లో దానిని విరమించుకొనిరి. మన యూళ్ళలో పెద్దలు మోటారుసైకిలును ఫట్‌ఫటి యనుచుండిరి. ఢిల్లీలో రెండవ యుద్ధమున మిగిలిన ఇట్టి బండ్లకు వెనుక పెట్టెలు కట్టి, మనుష్యులను చేరవేయుచు, చాందినీచౌకునుండి చాలకాలము నడిపిరి. వాని పేరును ఫట్‌ఫటియే.

బండిని మగవారే నడిపిరని తలంచిన పొరపాటు. 1915 వ సంవత్సరమున న్యూయార్కులోని బ్రూక్లిను పేటనుండి ఎఫీ హాచ్‌కిస్ అను యువతి తన తల్లి నెక్కించుకొని బయలుదేరెను. తల్లి పేరు అవిస్. యాబదేండ్లు దాటిన విధవ. బిడ్డ హార్లీ బండి నడుపగా, ఆమె ప్రక్కన తగిలించిన సైడుకారులో, అనగా తొట్టివంటి చిన్న పక్కబండిలో, సామానుల నడుమ కూర్చుండెను. ఒంటరిగ పంపుటకు మనసొప్పని తల్లి తానుగూడ బయలుదేరుట మన కేమంత ఆశ్చర్యకరము కాదు. వారు దేశమునకు అడ్డముగ సాగి, పడమటి సముద్రపు గట్టుననున్న శాన్‌ఫ్రాన్సిస్కో చేరిరి. ఆ కాలమున దారులనగా బురదయు ఇసుకయును. న్యూమెక్సికో ప్రాంతమున టైరులోపలి రబ్బరు గొట్టములు పూర్తిగ చెడిపోగా, వారు కప్పుకొను కంబళిని కోసి, చుట్టి, టైరులో దూర్చి బండి నడిపిరి. గృహిణి బుద్ధి లేనివారికి ఆ యుపాయము తోచియుండదని మా తలంపు. ప్రయాణారంభమున తూర్పు సముద్రపు జలమును జాడీతో పట్టుకొనియుండిరి. దానిని పడమటి సముద్రమున పోసిరి. కాశినుండి గంగ తెచ్చి రామేశ్వరమున అభిషేకము చేయు మనకు, వేరొక దేశమున వేరొక మతమువారు ఎవరును చెప్పకయే అట్టి పని చేసిరనుట వినుటకు ముచ్చటగ నుండును. వచ్చుటయు పోవుటయు కలిసి సుమారు 9,000 మైళ్ళు. స్త్రీ నడిపిన మోటారుసైకిలు ఆ దేశమును ఈ కొననుండి ఆ కొనకు దాటుట అదియే మొదలు.

మరుసటి యేట అగస్టా, అడెలీన్ వాన్‌బ్యూరెన్ అను నక్కచెల్లెండ్రు చెరియొక బండిపై అట్లే ప్రయాణము చేసిరి. వారి బండ్లు హార్లీకి పోటీ కంపెనీవి. దాని పేరు ‘ఇండియను’. పేరు చూచి మన దేశమని భ్రమపడరాదు. ఆ కంపెనీ స్ప్రింగుఫీల్డు పట్టణమున నుండెను. ఈ సోదరీమణుల యుద్దేశము వినోదము కాదు. యుద్ధము వచ్చినచో స్త్రీలును జాబులు మోయు సైనికులుగ పనికివత్తురని నిరూపింప దలచిరి. దారిలో కొన్ని చిన్నయూళ్ళలో, పురుషులవలె లాగులు తొడిగిరని వారిని పట్టి నిలిపిరి! పర్వతములు దాటి, ఎడారి దాటి వారు గమ్యము చేరిరి. సైన్యమున చేరుటకు పెట్టుకొనిన అర్జీ మాత్రము తిరస్కరింపబడెను. దాటవలసిన మెట్ట లన్నిటిలోను అదియే యెత్తైనదిగ నుండెను.

1929 లో వివియన్ బేల్సు అను నృత్యము నేర్పు యువతి దక్షిణమున జార్జియా రాష్ట్రమునుండి బయలుదేరి, 78 దినములలో సుమారు 5,000 మైళ్ళు తిరిగి, మిల్వాకీలో కర్మశాలకే వచ్చి కంపెనీ పెద్దలను దర్శించెను. ఆమె మూర్తి ఎంత చిన్నదనగా, తన మొదటి బండిని కాలితో తన్ని నడిపించుటకు వలయు బరువే ఆమెకు లేదట. కంపెనీవారు ప్రకటించు మాసపత్రిక ముఖపత్రముపై ఆమె బొమ్మను వేసిరి. ప్రయాణపు ఖర్చులు మాత్రము ఆమెయే పెట్టుకొనెను. కంపెనీ కిది లాభకరమైన ఆతిథ్యమని మా అభిప్రాయము.

ఇంకొకామె డాట్ రాబిన్సన్. తండ్రి సైడుకారులు చేయువాడు. కాన్పునొప్పులు వచ్చినపుడు ఆమె తల్లిని ఆ సైడుకారులోనే ఆసుపత్రికి తీసికొనిపోయెనట. ఈమె 1940 లో, మగవారే గెలుచుచు వచ్చిన కఠినమైన పోటీలో, సైడుకారు తరగతిలో మొదటి బహుమానము గెలిచెను. ఆ కాలముననే లిండా డ్యూజో అను నామెతో కలిసి, బండ్లు గల స్త్రీలకు ‘మోటారు మెయిడ్స్’ అను సంఘము స్థాపించెను. మొదట చేరినవారు 51 మంది. సంఘమునకు ఆమె 25 ఏండ్లు అధ్యక్షురాలు. చేతులకు తెల్లని తొడుగులు, శుభ్రమైన దుస్తులు, మర్యాదయైన నడత ఈ సంఘమువారి నియమములు. బండి నడుపు స్త్రీ చెడినదను మాటకు వారు వాదముతో గాక వేషముతో సమాధానము చెప్పిరి. నల్లజాతివారికి హోటళ్ళలో గది దొరకని కాలమున బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డు ఒంటరిగ దూరప్రయాణములు చేసెను. ఆమె మయామీ నగరమున ముసలితనము వరకును హార్లీ బండ్లపైననే తిరిగి, 1993 లో మరణించెను. 2002 లో అమెరికా మోటారుసైకిలు సంఘమువారు ఆమెను తమ గౌరవపట్టికలో చేర్చిరి. బ్రదికియుండగా చేయరాదా యని మీ రడుగుదురు, మేమును అడిగితిమి.

కంపెనీ భాగ్యము ఈ నడుమ ఎక్కుచు దిగుచు వచ్చెను. 1920 నాటికి అది ప్రపంచమున మోటారుసైకిళ్ళు చేయు కంపెనీలలో పెద్దది. ఆ యేట 28,189 బండ్లు చేసెను. దేశమున మాంద్యము వచ్చిన 1933 లో చేసినవి 3,703 మాత్రమే. నాడు ఆ దేశమున లెక్కకు మిక్కిలిగ నుండిన మోటారుసైకిలు కంపెనీలలో మిగిలినవి హార్లీయు ఇండియనును. 1953 లో ఇండియనును మూతబడెను. రెండవ ప్రపంచయుద్ధమున సైన్యమునకు సుమారు 90,000 బండ్లు ఇచ్చిరి. నలువురు వ్యవస్థాపకులలో విలియం 1937 లోను, వాల్టరు 1942 లోను, హార్లీ 1943 లోను కాలధర్మము నొందిరి. జాబు వ్రాసి అన్నను రప్పించిన ఆర్థర్ 1950 చివర కారు ప్రమాదమున మరణించెను.

యుద్ధానంతరము తోలుచొక్కాలు తొడిగి గుంపులుగ తిరుగు యువకులను చలనచిత్రములు చూపసాగెను. బండి పేరు చెడెను. స్త్రీ వెనుక పీటకు జరిగెను. మన తల్లుల భయములో కొంత భాగము ఆ చిత్రములనుండియే వచ్చినదేమో!

1969 లో ఏ.ఎం.ఎఫ్. అను పెద్ద వ్యాపారసంస్థ ఈ కంపెనీని కొనెను. బండ్ల సంఖ్య పెంచుమనిరి. పనివాని చేతికి వ్యవధి లేదు. బండి బిగింపు పని యెక్కువభాగము పెన్సిల్వేనియాలోని యార్కు పట్టణమునకు పోయెను. మిల్వాకీకి ఇంజనులు మిగిలెను. కొత్తబండి అంగడిలో నిలిపిన చోటనే నూనె కార్చుచుండెడిదట. నిలిపిన బండి క్రింద అట్టముక్కలు పరచి యుంచవలసి వచ్చెనని చెప్పుకొందురు. ఆ కాలముననే జపానునుండి శుభ్రమైన, చవుకయైన బండ్లు దిగుమతి యగుచుండెను. మాంద్యపు దినములలో ధనమునకై తన పటములను జపానువారికి విక్రయించి, వారికి పెద్దబండ్ల పని నేర్పినది హార్లీయే. విధి చిత్రమైనది.

జూనో వీధి కర్మశాలలో స్మారకముగ తెచ్చి నిలిపిన ఆ పెరటి కొట్టము కూడ 1970 తరువాతి యేండ్లలోనే పోయినది. ఆవరణము శుభ్రముచేయ వచ్చిన కంట్రాక్టరు పాతకొయ్య యనుకొని పడగొట్టించెను. తండ్రి కట్టిన గోడలలో ఒక పలకయైన మిగులలేదు. ఈ సంగతి వినినపుడు మాకు కలిగిన విచారము కొంచెము కాదు. తాతలనాటి భోషాణమును పాతసామానులవానికి వేసి, పిమ్మట నాలుక కరచుకొను ఇండ్లు మనలోను లేకపోలేదు.

1981 లో కంపెనీలోని పెద్ద యుద్యోగులు పదుమువ్వురు అప్పుచేసి సుమారు 8 కోట్ల డాలర్లకు దానిని విడిపించుకొనిరి. వారిలో నొకడు విల్లీ జి. డేవిడ్‌సన్, విలియం మనుమడు, బండ్లకు రూపురేఖలు దిద్దువాడు. విడిపించుకొనిన మరుసటియేడే గడ్డుకాలము వచ్చి, పనివారిలో నూటికి సుమారు 40 మందిని తీసివేయవలసి వచ్చెను. మిల్వాకీలో ఆ యేడు ఎన్ని యిండ్ల పొయ్యిలు చల్లబడెనో చరిత్రకారులు లెక్కింపలేదు. 1983 లో రాష్ట్రపతి రేగను విదేశములనుండి వచ్చు పెద్దబండ్లపై సుంకమును నూటికి 4.4 నుండి 49.4 కు పెంచెను. అది ఐదేండ్లకు విధించినది. హార్లీవారు ఈలోపల పనిపద్ధతులను జపానువారినుండియే నేర్చుకొని, దోషము లేర్పరచి, 1987 లో గడువు తీరకమునుపే మాకిక సుంకపు రక్ష యక్కరలేదని ప్రభుత్వమునకు విన్నవించుకొనిరి. వ్యాపారులు ప్రభుత్వమును ఇది తీసివేయుడని కోరుట మాకు తెలిసినంతలో తరచుగ జరుగునది కాదు. విల్లీ కుమార్తెయగు కారెన్ డేవిడ్‌సన్, స్త్రీల శరీరమునకు తగిన బండి దుస్తులను గీసి కుట్టించుపనిని పూనెను. మేనత్త కుంచె మరల ఆ యింటి ఆడుబిడ్డ చేతికి వచ్చినట్లయ్యెను.

మనదేశముతో ఈ కంపెనీకి కలిగిన సంబంధము మామిడిపండ్ల త్రోవను వచ్చినది. 2007 లో అమెరికావారు మన మామిడిపండ్లను తమ దేశమున విక్రయింప నంగీకరించిరి. మనవారు హార్లీ బండ్లను రానీయ నంగీకరించిరి. బుట్టెడు పండ్లకు బండి మారకమని అప్పుడు వార్తాపత్రికలవారు పరిహసించిరి. 2010 లో ఈ కంపెనీ బండ్లకు మనదేశమున మొదటి విక్రయశాల తెరచినది మన హైదరాబాదుననే. 2011 నుండి హర్యానాలోని బావలులో బండ్లు బిగించిరి. అమ్మకము వారనుకొన్నంత లేకపోవుటచే 2020 లో ఆ కర్మశాలను మూసి, మన హీరో కంపెనీతో పొత్తు కుదుర్చుకొనిరి. ఆ పొత్తున 2023 లో ఒక చిన్నబండి వెలువడెను.

మిల్వాకీ నగరమధ్యమున, మెనామనీ యేటి ప్రక్కన, 2008 లో తెరచిన హార్లీ మ్యూజియము కలదు. తమకు తెలిసినవానిలో మిక్కిలి పాతదగు బండిని, ఒకటవ సంఖ్యగలదానిని, అద్దపు పెట్టెలో నుంచిరి. దానిచుట్టును నేలపై ఒక వెలుగుగీత కలదు. పోయిన పెరటి కొట్టము ఎంత మేర యుండెనో ఆ గీత తెలుపును. మేము దానిపై అడుగులు కొలిచితిమి. చీర కట్టిన నడకకు, పొడవున పది పండ్రెండు అడుగులకే గోడ వచ్చెను.

ఇంకొక మూల మరియొక బండి యున్నది. అది పూర్తిగ త్రుప్పుపట్టి, చక్రముల పుల్లలు వంగి, ఇసుక గట్టిపడి యున్నది. 2011 మార్చి నెలలో జపానులో వచ్చిన సునామీ, ఒక హార్లీ బండిని అది యున్న పెట్టెతోకూడ సముద్రమున కీడ్చుకొని పోయినది. ఏడాదికి పైగా నీళ్ళపై తేలి, 4,000 మైళ్ళకు మించి ప్రయాణము చేసి, ఆ పెట్టె 2012 లో కెనడా పడమటి తీరమున నొక దీవి చేరెను. బండి సంఖ్యాఫలకమునుబట్టి యజమాని యెవరో తెలిసికొనిరి. ఆతడు బ్రదికియే యుండెను. ఆ ప్రళయమున కుటుంబములోని మువ్వురిని పోగొట్టుకొని యుండెను. బాగుచేసి ఉచితముగ ఇంటికి పంపెదమని కంపెనీవారనగా, ఆతడు వందనములు చెప్పి, వలదనెను. చనిపోయినవారి జ్ఞాపకార్థము దాని నున్నది యున్నట్లుగ మ్యూజియములో నుంచుడని కోరెను. అందుచే దానిమీది త్రుప్పును ఎవరును తుడువరు.